చెట్టు కింద కూర్చున్న పిల్లల గురించి

విజయనగరం

చిరంజీవి బాబుకు,

అమ్మ ఆశీస్సులు. ఆదివారం ఫోనులో నువ్వు రెండు మాటలు చెప్పావు. లెక్కల మాస్టారు అడిగితే పదో తరగతి ఆటల పీరియడ్లన్నీ ఇచ్చేశానన్నావు. తర్వాత, "ఆడపిల్లలు ఎలాగూ ఆడరమ్మా, వేపచెట్టు కింద కూర్చుంటామంటారు, కూర్చోనిస్తున్నాను" అన్నావు. నువ్వు మామూలుగానే అన్నావు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే మధ్యలో ఎవరో పిలుస్తారు, "సరేనమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు.

బడి వదలగానే మగపిల్లలు చెరువు గట్టు మీదో, కోత కోసిన పొలంలోనో బ్యాటు పట్టుకుంటారు. ఆదివారం పొద్దంతా వాళ్లదే. ఆడపిల్ల ఇల్లు చేరేసరికి బోరింగు దగ్గర బిందె, పొయ్యి, చంకనెక్కడానికి తమ్ముడు ఎదురుచూస్తుంటారు. అమ్మానాన్నలు పనుల కోసం చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్లి, పిల్లను మామ్మ దగ్గర వదిలిన ఇళ్లు నీ బడి చుట్టూ చాలా ఉంటాయి. అక్కడ ఇంటి బరువంతా ఆ పిల్లదే. ఆ వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ పిల్లలు పనితో అలిసిపోతున్నారు, నిజమే. కానీ మనసుకు నచ్చి పరుగెత్తడానికి వాళ్లకు వారం మొత్తంలో దొరికేది నీ పీరియడ్లే. నువ్వు వాటిని లెక్కలకు ఇచ్చేస్తే మగపిల్లలు సాయంత్రం ఎలాగూ ఆడుకుంటారు. ఆడపిల్లలకు ఆట అన్నదే లేకుండా పోతుంది.

హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్లి గొడవ పడకు. పరీక్షల ముందు కొన్ని వారాలు ఒక పీరియడు సర్దుకుంటానని, మిగతావి ఇవ్వలేనని మర్యాదగా చెప్పు. చెప్పేటప్పుడు తల దించుకోవద్దు. గుండె మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారి కథలు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పించుకున్నావు! సర్కసుకు వెళ్లకముందు ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందివచ్చి, మన విజయనగరంలోనే డ్రిల్ మాస్టారుగా పనిచేశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఉన్నది ఆయన పేరే. మన డ్రిల్ మాస్టార్లది ఎవరైనా వాడుకోదగ్గ ఖాళీ పీరియడు కాదు.

ఇక చెట్టు సంగతి.

నేను ఆటల టీచరుగా చేరిన కొత్తలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఎప్పుడు చూసినా కడుపునొప్పి అని కూర్చునేది. ఒక సాయంత్రం బస్సు కదిలిపోతుంటే చూశాను. పుస్తకాల సంచి చంకలో బిగించి, లంగా కుచ్చెళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని, రోడ్డు పక్క కాలువ ఒక్క గెంతులో దాటి పరుగెత్తి బస్సును అందుకుంది. ఆ ఏడాది అంత చక్కటి పరుగు మగపిల్లల్లో కూడా చూడలేదు. చూసి సంతోషించాల్సింది పోయి, ఇన్నాళ్లూ నాతో అబద్ధమాడిందని కోపం తెచ్చుకున్నాను. మర్నాడు అందరి ముందూ నిలబెట్టి మైదానం చుట్టూ నాలుగు చుట్లు పరుగెత్తమన్నాను. మూడో చుట్టులో పడిపోయింది.

నీళ్లు చల్లి, లోపల బల్ల మీద పడుకోబెట్టాను. కళ్లు తెరిచాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది. ముందు రోజు మధ్యాహ్నం బడిలో తిన్న అన్నమే ఆఖరు. నెలసరి రెండో రోజు. పరుగెత్తినంతసేపూ తన ధ్యాసంతా లంగా వెనక మరక కనబడుతుందేమోనన్న దాని మీదే ఉంది. మరి అంతకుముందు వారం కడుపునొప్పి ఏమిటని అడిగాను. జాకెట్టు చంక దగ్గర చిరిగిందట. దానికి ముందు వారం? గోడ మీద కూర్చునే అబ్బాయిలు ఏదో అన్నారట. అన్నిటికీ ఆ పిల్లకు తెలిసిన పేరు ఒక్కటే, కడుపునొప్పి. ఇన్నేళ్లయినా ఆ బల్ల, ఆ పిల్ల తడి జుట్టు నా కళ్లముందే ఉన్నాయి. పరుగును శిక్షగా వాడటం ఆ రోజుతో మానేశాను. నువ్వు అసలు మొదలే పెట్టకు.

ఆ తర్వాతే నా ఈల తాడుకు నాలుగు పిన్నీసులు వేలాడటం మొదలైంది. చిన్నప్పుడు నువ్వు వాటితో ఆడుకునేవాడివి. చిరుగు పడినా, హుక్కు ఊడినా, చున్నీ జారినా పిల్ల నా దగ్గరకు వచ్చి చెయ్యి చాపేది, నేను ఒకటి తీసి ఇచ్చేదాన్ని. మాట అవసరం ఉండేది కాదు. ఆటల సామాను బీరువాలో డిస్కస్‌ల వెనక ఒక అట్టపెట్టెలో శానిటరీ ప్యాడ్లు ఉండేవి. నువ్వు మగవాడివి కాబట్టి ఆ పెట్టె, తాళం ఒక టీచరమ్మ దగ్గర పెట్టించు. పదో తరగతి పిల్ల ఒకతికి బాధ్యత అప్పగించు. ఎవరు తీసుకున్నారని అడగకు. "ఈ రోజు వద్దు సార్" అంటే కారణం చెప్పించుకోకు, స్కోరు రాయమను. నెలసరి రోజుల్లో ఆడకూడదన్న నియమం ఏదీ లేదు. కొంచెం కదిలితే కొందరికి నొప్పి తగ్గుతుంది కూడా. ఆడాలా వద్దా అన్నది మాత్రం ఆ పిల్ల ఇష్టం.

పరుగుకు ముందు "ఏం తిని వచ్చారు?" అని అడగటం అలవాటు చేసుకో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రెండు చుట్లకే రొప్పే పిల్లను బద్ధకస్తురాలు అనుకోకు. వారానికొకసారి బడిలో ఇచ్చే నీలం ఐరన్ మాత్ర ఖాళీ కడుపున కాకుండా, అన్నం తిన్నాక, నీ ఎదురుగా వేసుకునేలా చూడు. చాలామంది జేబులో వేసుకుని దారిలో పారేస్తారు.

తల్లులు కూడా వస్తారు, ఎండలో పిల్ల నల్లబడిపోతుందని. విసుక్కోకు. నువ్వు రైలు దిగే స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ ఊరు ఆమదాలవలస కదా. కరణం మల్లీశ్వరి ఆ పక్కనున్న ఊసవానిపేట పిల్ల. 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో రెండు పద్ధతుల్లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు బరువులెత్తే పోటీ పెట్టిందే ఆ ఏడాది. మన దేశపు ఆడవాళ్లలో ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి మనిషి ఆమే. నాతో ఎండ గురించి పోట్లాడి వెళ్లిన ఒక తల్లి ఆ పతకం వార్త విన్నాక మళ్లీ వచ్చి, "మా పిల్ల కూడా ఎత్తగలదా అమ్మగారూ?" అని మెల్లగా అడిగింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇప్పుడు ఆడపిల్లలు బరువులెత్తడం ఎవరికీ వింత కాదు. ఈ కబుర్లు పిల్లలకంటే తల్లులకు ఎక్కువ చెప్పు. పిల్లలకు పదే పదే చెబితే, గెలవాలేమోనని భయపడి మళ్లీ చెట్టు కిందికే పోతారు.

మరి వాళ్లను లేపడం ఎలా అని అడుగుతావు. ఆడమని పిలవకు, గీతలు గీయమని పిలువు. ధనుర్మాసం నెలంతా వాకిట్లో ముగ్గులు పెట్టిన చేతులు అవి, నీకంటే తిన్నగా గీస్తారు. బడి వెనక, గోడ మీది అబ్బాయిల కంటపడని చోట ఖోఖో కోర్టు వేయించు. 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, నడుమ ఎనిమిది గళ్లు. సున్నం డబ్బా వాళ్ల చేతికే ఇచ్చి నువ్వు పక్కన నిలబడు. తాము గీసిన గళ్లలో వాళ్లే కూర్చుని చూస్తారు, ఎవరో ఒకరు వెనక నుంచి "ఖో" అంటారు. నేను చేసిన ప్రతి బడిలోనూ అలాగే మొదలైంది.

ఈ ఉత్తరంతో పాటు, కోర్టు మూలలు సరిచూసుకునే నా నూలు తాడు పంపుతున్నాను. ఒక కొస నుంచి 3, 7, 12 మీటర్ల దగ్గర ముడులున్నాయి. మూడు మీటర్ల భాగం అడ్డగీత మీద, నాలుగు మీటర్లది నిలువుగీత మీద పెట్టి, చివరి ముడిని మొదటి కొసకు చేర్చు. అయిదు మీటర్ల భాగం బిగుసుకుంటే మూల సరిగ్గా కుదిరినట్టు. పిన్నీసుల పొట్లం కూడా అందులోనే ఉంది. తాడును వానలో వదిలేయకు, తడిస్తే కుదించుకుపోయి కొలత తప్పుతుంది.

ఆశీస్సులతో,
అమ్మ