బావా, స్పిండిల్ కొనకముందు ఇది చదువు

బావా,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి మరీ చూశాను. నీ చిన్న మెషిన్ మీద అల్యూమినియం కోసి చేసిన మోటారు బ్రాకెట్టు కొలతలు సరిగ్గా కుదిరాయి గానీ, పక్క గోడల నిండా గీతలు, గాట్లు. ఇంకాస్త పెద్ద స్పిండిల్, అంటే లోహాన్ని కోసే కట్టర్‌ను తిప్పే మోటారు, కొంటే సరిపోతుందేమో అని రాశావు. ఆగు. ఆ డబ్బు జేబులోనే ఉండనీ.

నువ్వు రాసిన అంకెలతో లెక్క వేశాను. 24,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), రెండు పళ్ల కట్టర్, నిమిషానికి 200 మి.మీ. ఫీడు, అంటే కట్టర్ ముందుకు కదిలే వేగం. ఒక్కో పన్ను కోసేది 0.004 మి.మీ. అన్నమాట. మన తల వెంట్రుక మందమే దాదాపు 0.07 మి.మీ. ఉంటుంది. కట్టర్ అంచు ఎంత పదునుగా కనిపించినా దాని మొనకూ కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) గుండ్రదనం ఉంటుంది. అంత పలచటి పొరను అది కోయలేదు, రుద్దుతుంది. రుద్దితే వేడి పుడుతుంది, ఆ వేడికి అల్యూమినియం మెత్తబడి కట్టర్‌కే అంటుకుంటుంది. మెషిన్ చిన్నది కదా, పాపం అని నువ్వు మెల్లగా నడిపిస్తున్నావు. ఆ జాలే నీ గోడలను పాడు చేస్తోంది.

నా మాట విని ఒకే పన్ను ఉన్న, పూత లేని, అద్దంలా పాలిష్ చేసిన కార్బైడ్ (ఉక్కు కన్నా గట్టి పదార్థం) కట్టర్ తీసుకో. సింగిల్ ఫ్లూట్ అంటే దుకాణంలో ఎవరైనా ఇస్తారు. నల్లగా, ఊదా రంగులో మెరిసేవి ఉక్కు పని కోసం. వాటి పూతలో తరచూ అల్యూమినియమే కలిసి ఉంటుంది, మన లోహం దాన్ని ఇట్టే పట్టుకుంటుంది. 3 మి.మీ. కట్టర్‌తో 16,000 ఆర్‌పీఎం, పన్నుకు 0.03 మి.మీ. అనుకుంటే ఫీడు 480 వస్తుంది. అంత వేగమా అని కంగారుపడకు. లోతు తగ్గించుకో, నీ మెషిన్‌కు మొదట 0.3 మి.మీ. చాలు. ఫీడు మాత్రం తగ్గించకు.

సరిగ్గా కోస్తున్నదో లేదో తెలుసుకోవడానికి మీటర్లేవీ అక్కర్లేదు. కింద తెల్ల కాగితం పరిచి, రాలిన తురుము చూడు. బూడిదరంగు పొడి పడుతుంటే రుద్దుతోందని అర్థం. ఒంపు తిరిగిన చిన్న చిన్న పలుకులు, ఒకవైపు తళతళలాడుతూ పడుతుంటే బాగా కోస్తోంది. ఆ పలుకులను గాడిలో ఉండనివ్వకు, కట్టర్ వాటినే మళ్లీ నలిపి గోడకు పులుముతుంది. నా దగ్గర ఆటోనగర్‌లో కొన్న పాత కంప్రెసర్ ఉంది. దాని గాలి గొట్టం కట్టర్ పక్కనే కట్టేశాను, గది నిండా తురుమే. ఇంట్లోవాళ్లు తిట్టుకుంటున్నారు, అది వేరే సంగతి. గాలితో పాటు కుంచెతో ఒక చుక్క కిరసనాయిలు అద్దితే ఇంకా నయం. మూసిన గదిలో దాన్ని తుంపరగా చల్లడం మాత్రం వద్దు, అంటుకుంటే ఆపలేం.

కట్టర్ అంచును భూతద్దంలో చూడు. పంటి మీద వెండి రంగు ముద్ద కనిపిస్తే, అదే నీ గీతలు గీసినది. కట్టర్ పారేయకు. కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే బుడగలు వస్తూ అల్యూమినియం కరిగిపోతుంది, కార్బైడ్ అలాగే ఉంటుంది. ఆ బుడగలు హైడ్రోజన్. కాబట్టి ఆరుబయట, ప్లాస్టిక్ గిన్నెలో, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకునే చెయ్యి.

కట్టర్ కొల్లెట్ (దాన్ని పట్టుకునే బిగింపు) బయటకు ఎంత వచ్చిందో కూడా చూసుకో. ఫొటోలో చాలా పొడుగ్గా ఉంది. బయటి పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. పని జరిగేంత వరకే ఉంచు.

ఇక పైభాగంలో దుక్కి దున్నినట్టు వరుసగా చాళ్లు పడ్డాయే, ఆ తప్పు కట్టర్‌ది కాదు, స్పిండిల్ ఒకవైపు ఒరిగింది. 100 మి.మీ.కి 0.2 ఒరిగినా, 6 మి.మీ. కట్టర్ ప్రతి వరుసకూ 0.012 మి.మీ. మెట్టు వదులుతుంది. గోటితో గీస్తే తెలుస్తుంది. స్పిండిల్‌కు డయల్ గేజ్ (సన్నటి తేడానూ ముల్లుతో చూపించే కొలత పరికరం) బిగించి, చేత్తో చుట్టూ తిప్పి, తేడా ఉన్నచోట పలచటి రేకు ముక్క పెట్టు. కింది చెక్క బల్లను నమ్ముకోకు. మన వానాకాలం తేమకు ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచు అతికించి చేసిన పలక) ఉబ్బుతుంది, ముందు దాన్నే ఒకసారి కట్టర్‌తో చదును చేయి.

చివరి కోతకు గోడ మీద 0.2 మి.మీ. వదిలిపెట్టి, పూర్తి లోతుకు ఒకే చుట్టులో తీసెయ్యి. కట్టర్ నడిచే దిశను ‘క్లైంబ్’ వైపు పెట్టు: ఆ పద్ధతిలో పన్ను మందంగా మొదలుపెట్టి పలచగా ముగిస్తుంది కాబట్టి వదిలిన గోడ నున్నగా ఉంటుంది. ఆ కోతకు కూడా ఫీడు తగ్గించకు, మళ్లీ రుద్దుడు మొదలవుతుంది.

ఇంకో మాట. ఆ పాత కిటికీ ఫ్రేము ముక్క మీద ప్రయోగాలు మానేయ్. కిటికీలకు మామూలుగా వాడే 6063 రకం అల్యూమినియం మెత్తన. 6061 టీ6 అనే గట్టి రకం ప్లేటు దొరికితే తీసుకో, నువ్వేం మార్చకపోయినా సగం తేడా కనిపిస్తుంది.

ఆదివారం రైలెక్కి విజయవాడ రా. వచ్చేటప్పుడు నీ డయల్ గేజ్, పాడైన బ్రాకెట్టు రెండూ తెచ్చుకో. నా గేజ్ పక్క షాపులో ఉంది, ఎప్పుడిస్తారో ఆ దేవుడికే తెలియాలి.

నీ బావ