ఆరేళ్లలోపు పిల్లల ప్రత్యేక విద్య: స్టైపెండు ఇచ్చి చదివించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆటిజం, మేధోవైకల్యం ఉన్న పిల్లలకూ, మాట ఆలస్యమైన పిల్లలకూ ఆరేళ్లు నిండకముందే శిక్షణ మొదలుపెట్టాలని వైద్యులు, అధికారులు ప్రతి సభలోనూ చెబుతున్నారు. ఆ శిక్షణ ఇవ్వగలిగినవారిని ఎవరు తయారు చేయాలి, వారి చదువు ఖర్చు ఎవరు భరించాలి అన్నది మాత్రం ఎక్కడా చర్చకు రావడం లేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం ఎదుగుదలలో ఆలస్యం కనబడిన పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఆ కేంద్రంలో శిశువైద్యుడు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు వంటివారితో పాటు ప్రత్యేక విద్య నేర్పేవారికి మార్గదర్శకాలు కేటాయించిన పోస్టు ఒక్కటే. జిల్లా అంతటికీ ఒక్కరన్నమాట. దివ్యాంగ విద్యార్థుల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలు, వాటిలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులు (ఐఈఆర్‌పీలు) ప్రధానంగా బడి ఈడు పిల్లలను చూస్తారు. విద్యాహక్కు చట్టం గానీ, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని ఉచిత విద్య నిబంధన గానీ ఆరేళ్ల వయసు నుంచే వర్తిస్తాయి. అంతకన్నా చిన్నవారి భారం అంగన్‌వాడీ టీచరుదే. దివ్యాంగ బాలల విషయంలో అంగన్‌వాడీలు ఏం చేయాలో చెప్పే ప్రోటోకాల్‌ను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో విడుదల చేసింది. సంతోషమే, కానీ గుర్తించిన బిడ్డను ఎవరి దగ్గరికి పంపాలి?

ఈ పనికి ఎంత నేర్పు కావాలో చూసినదాన్ని కనుక చెబుతున్నాను. నేను ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌గా చూసిన సెక్టారులోని ఒక అంగన్‌వాడీ కేంద్రంలో మూడున్నరేళ్ల బాబు, భోజనం వేళ గుడ్లు ఉన్న పళ్లెం కనబడగానే నేలకేసి తల కొట్టుకునేవాడు. టీచరు హడలిపోయి వెంటనే గుడ్డు చేతిలో పెట్టేది. ప్రత్యేక విద్యలో పీజీ చేసిన ఒకామె వచ్చి, ముందు ఏమీ చేయకుండా కూర్చుని, తల కొట్టుకోవడానికి ముందు ఏం జరుగుతోంది, తర్వాత వాడికి ఏం దొరుకుతోంది అన్నది మాత్రమే నోట్సు రాసుకుంది. మాట రాని ఆ బాబు గుడ్డు అడిగే పద్ధతి అదేనని తేల్చాక, గుడ్డు బొమ్మ ఉన్న కార్డు తయారు చేసి, పళ్లెం కనబడిన క్షణంలోనే వెనక నుంచి వాడి చేయి పట్టి ఆ కార్డును టీచరుకు ఇప్పించేది. కార్డు అందగానే టీచరు గుడ్డు ఇచ్చేది. తర్వాత చేయి పట్టడం మోచేతి మీద చిన్న తాకుడుకు తగ్గింది, ఆ తర్వాత అదీ అక్కర్లేకపోయింది. ఇంట్లో తల్లి చేత కూడా అదే చేయించింది. చూడటానికి తేలికగా ఉంటుంది గానీ, ఎప్పుడు సాయం తగ్గించాలో తెలియడానికి అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నెలల తరబడి పనిచేసి ఉండాలి. మా శాఖ ఒకరోజు వర్క్‌షాపుల్లో అది రాదు.

పునరావాస నిపుణుల నమోదుకు 1992 చట్టం ఉంది. ప్రత్యేక ఉపాధ్యాయులు అందులోకి వస్తారు గానీ, ఆ బాబుకు చేసినలాంటి ప్రవర్తనా చికిత్సకు వేరే విభాగం లేదు. ఈ రంగంలో పేరున్న అమెరికా ధ్రువీకరణ సంస్థ కూడా 2023 నుంచి భారతదేశంలో ఉండేవారి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. ఇక నగరాల్లో ‘థెరపీ సెంటర్’ బోర్డు కట్టినవారి అర్హత ఏమిటో తెలియకుండానే తల్లిదండ్రులు గంటకింత అని చెల్లిస్తున్నారు.

అమెరికా ఈ సమస్యను చాలా ముందే పట్టించుకుంది. మేధోవైకల్యం ఉన్న పిల్లల ఉపాధ్యాయులను తయారుచేసే అధ్యాపకుల చదువుకు 1958లోనే అక్కడి కేంద్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చింది. ఇప్పుడు అక్కడి దివ్యాంగ విద్యార్థుల చట్టంలో ఒక భాగమే ఇందుకు ఉంది. ఆ గ్రాంటుతో పీజీ చదివినవారు, సాయం పొందిన ఒక్కో ఏడాదికి రెండేళ్లు ఆ రంగంలో పనిచేయాలి, లేదా డబ్బు తిరిగి కట్టాలి. అమెరికా వెళ్లి చదువుకునే మన విద్యార్థులకు ఇది అందదు, అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే పరిమితం. 2025లో అక్కడి ప్రభుత్వం ఇలాంటి గ్రాంట్లలో కొన్నింటిని మధ్యలోనే ఆపేసిందన్నదీ నిజమే. అయినా చదివించి పని చేయించుకునే ఆ షరతు మనం తీసుకోదగ్గది.

వైద్యంలో పీజీ చేసేవారికి మన ప్రభుత్వాలు నెలనెలా స్టైపెండు ఇస్తూనే ఉన్నాయి. అదే వార్డు పక్క గదిలో పసిపిల్లలకు మాట, నడక, నడవడి నేర్పవలసినవారికీ ఇవ్వడంలో తప్పేముంది? మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ సికింద్రాబాదులోనే ఉంది, పసిపిల్లల తొలి శిక్షణలో పీజీ స్థాయి కోర్సులు నడుపుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు జిల్లాకు కొందరు చొప్పున స్థానిక అభ్యర్థులను ఎంపిక చేసి, ఫీజు కట్టి, నెలకు బతకగలిగినంత స్టైపెండు ఇచ్చి ఇలాంటి కోర్సుల్లో చదివించాలి. ఈ చదువుకు వచ్చేవారిలో ఎక్కువమంది మధ్యతరగతి, పేద ఇళ్ల ఆడపిల్లలే. రెండేళ్లు సంపాదన లేకుండా గడపమంటే ఇంట్లో ఒప్పుకోరు. చదువు సగం కాలమైనా జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో, అంగన్‌వాడీల్లో పర్యవేక్షణతో సాగాలి. చదువయ్యాక సొంత జిల్లాలో పనిచేస్తామన్న బాండు ఉండాలి. అయితే బాండు రాయించుకుని పోస్టు ఇవ్వకపోతే వారంతా ప్రైవేటు సెంటర్లకే వెళ్తారు కనుక, స్టైపెండు జీవోలోనే ఆయా జిల్లాలకు పోస్టుల మంజూరు కూడా చేర్చాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య, స్త్రీశిశు సంక్షేమ శాఖల మంత్రులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్,
ఖమ్మం జిల్లా