ఏం విప్పారో కాగితం మీద రాసివ్వరా?

సంపాదకుడు గారికి,

నిన్నటిదాకా నడిచిన డీజిల్ కారు, ఇంజిన్ పని చేయించిన మర్నాడే మొండికేస్తే మొదట తెలియవలసింది ఒక్కటే: లోపల ఏం విప్పారు? నా దగ్గర దానికి జవాబు లేదు. ఉన్నదల్లా మొత్తం అంకె వేసిన చిన్న చీటీ.

గత నెల హనుమకొండలోని ఒక వర్క్‌షాపులో మా తొమ్మిదేళ్ల కారుకు సర్వీసింగ్ చేయించి, సాయంత్రం నేనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చాను. తెల్లవారుజామున మామగారిని కాజీపేట స్టేషన్‌లో దింపాలి. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఆయన ఆటోలో వెళ్లారు.

మొదట వచ్చిన మెకానిక్ బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫ్ కొట్టాడు. రెండో అతను బానెట్ ఎత్తీ ఎత్తకముందే డీజిల్ పంపు పోయిందని తేల్చి నలభై వేలు చెప్పాడు. ములుగు రోడ్డు నుంచి వచ్చిన మూడో ఆయన వయసులో పెద్దవాడు. డీజిల్ ఫిల్టర్ వంక చూసి, "ఇది కొత్తది. ఎప్పుడు మార్చారు?" అన్నాడు. నాకేం తెలుసు? పక్కనున్న తెల్లటి పైపులో బుడగలు చూపించాడు. ఫిల్టర్ సీలు మడతపడింది. అక్కడి నుంచి గాలి దూరి, రాత్రికి రాత్రి డీజిల్ ట్యాంకులోకి జారిపోయింది. సీలు మార్చి, లైనులోకి డీజిల్ ఎక్కించే చేతిపంపు గట్టిపడేదాకా నొక్కి, వేరే బ్యాటరీ తగిలించాక బండి లేచింది. సీలు ఖరీదు వంద రూపాయలు కూడా లేదు.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. ఒత్తిడికి కాగిన గాలిలోకి డీజిల్‌ను చిమ్మితే అదే మండుతుంది. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో, అంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే బండ్లలో, ఆ గొట్టంలో ఒత్తిడి సుమారు 200 బార్లకు (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) చేరితే గానీ ఇంజెక్టర్లు పనిలోకి దిగవు. లైనులో గాలి ఉంటే ఆ ఒత్తిడి రాదు. పైగా ఆ ఒత్తిడి తెచ్చే పంపుకు డీజిలే కందెన. ఎండుగా తిప్పితే అరిగి, ఆ రజను ఇంజెక్టర్లలో చేరుతుంది. అంటే మొదటి మెకానిక్ ఇంకాసేపు సెల్ఫ్ కొట్టి ఉంటే రెండో అతను చెప్పిన జబ్బు నిజంగానే వచ్చేది!

వాళ్లనూ పూర్తిగా తప్పుపట్టలేను. సెన్సార్ ప్లగ్ సరిగా పెట్టకపోయినా, ఎర్త్ వైరు వదులైనా, టైమింగ్ బెల్టు ఒక పన్ను పక్కకు జరిగినా కనిపించేది ఇదే లక్షణం. ఏం ముట్టుకున్నారో తెలియకుండా ఎవరైనా ఎక్కడని వెతుకుతారు?

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతుకు తూకం, ధర రాసిన తక్‌పట్టీ ఇస్తారు. లక్షల విలువైన బండిని విప్పిన చోట ఆపాటి కాగితం ఉండదా? సేవకు బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. అయితే మొత్తం వేసిన చీటీ చాలదు. విప్పిన భాగాలు, మార్చిన సామాను, ఆనాటి కిలోమీటర్ల రీడింగు రాసివ్వాలి, పాత సామాను తిరిగి చేతికివ్వాలి. జిల్లా అధికారులు వర్క్‌షాపుల వారిని పిలిచి ఈ పద్ధతి పెట్టించాలి.

ఆ చీటీ పట్టుకుని నేను వర్క్‌షాపుకు మళ్లీ వెళ్లాను. "ఫిల్టర్ మేమే మార్చామని ఇందులో ఎక్కడుంది?" అని అడిగారు.

— ఒక పాఠకుడు, హనుమకొండ