బావా, పెడల్స్‌తో డోబ్రో పలుకుతుందా అన్నావుగా

సత్యనారాయణపురం,
విజయవాడ.

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, అత్తయ్యగారిని అడిగానని రాయమంది. ఇక అసలు సంగతిలోకి వస్తా. తీగల మీద లోహపు కడ్డీ (బార్) జార్చి వాయించే మన ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్‌కి, సౌండ్ మార్చే ఎఫెక్ట్ పెడల్స్ తగిలించి, రిజోనేటర్‌లా, అంటే లోపల రేకు గరాటు ఉండే డోబ్రో రకం గిటార్‌లా పలికించొచ్చా అని అడిగావు. పలికించొచ్చు. హాల్లో కూర్చున్నవాళ్ళు నమ్మేంత దగ్గరకి తేవచ్చు. అయితే సగం పని పెడల్స్‌ది, మిగతా సగం నీ చేతులది, నీ కుడికాలిది. కాలు ఎందుకన్నానో తర్వాత చెప్తా.

మా చిన్నాన్న కొడుకు డాలస్ నుంచి సెలవులకి వస్తూ తన డోబ్రో వెంట తెచ్చుకున్నాడు. వాడు ఉన్నన్నాళ్ళూ అది మా మేడమీద గదిలోనే ఉంది. దాన్నీ నా స్టీల్ గిటార్‌నీ పక్కపక్కన పెట్టి, రెండిటి మీదా ఒకే స్వరం మీటుతూ వింటూ కూర్చునేవాణ్ణి. డోబ్రో తీగ మీటి, దాని రేకు మూత మీద అరచెయ్యి ఆనిస్తే లోపలి వణుకంతా చేతికి తెలుస్తుంది. మీటగానే ముక్కుతో పలికినట్టు గట్టిగా ‘ణంగ్’మంటుంది, ఆ వెంటనే తగ్గడం మొదలవుతుంది. నా స్టీల్ గిటార్ మీద చెయ్యి పెడితే అంత వణుకు లేదు. నిండు చెక్క కదా, తీగ ఎంత ఊగినా దానికి పెద్దగా పట్టదు. నాదం మాత్రం సాఫీగా సాగుతూనే ఉంటుంది.

డోబ్రోలో తీగ ఊపు, తీగలు ఆనే బ్రిడ్జ్ మీదుగా ఎనిమిది కాళ్ళున్న ఒక లోహపు చట్రంలోకి దిగుతుంది. దాన్ని వాళ్ళు స్పైడర్ అంటారు. అక్కణ్ణుంచి, వెల్లకిలా పెట్టిన పల్చటి అల్యూమినియం గరాటు (కోన్) అంచుకి చేరుతుంది. పదిన్నర అంగుళాల ఆ కోన్ తీగలోని శక్తిని గబగబా ధ్వనిగా ఖర్చుపెట్టేస్తుంది. అందుకే చప్పుడు పెద్దది, ఆయుష్షు తక్కువ. మన స్టీల్ గిటార్‌లో తీగ శక్తి చాలావరకు తీగలోనే ఉండిపోతుంది. తీగల కింద ఉండే అయస్కాంతపు పికప్ ఆ తీగ కదలికనే పట్టుకుంటుంది, ఒంటి సంగతి దానికి తెలియదు. ఆ లేని ఒంటిని మనం పెడల్స్‌తో కల్పించాలి.

ఇందులో ఒక చిత్రం ఉంది, విను. ఆంప్లిఫయర్లు లేని రోజుల్లో గిటార్ చప్పుడు చాలకే రిజోనేటర్ పుట్టింది. లాస్ ఏంజెలెస్‌లో హవాయిన్ గిటార్ వాయించే జార్జ్ బీచమ్ పట్టుబట్టి అడిగితే, జాన్ డోపేరా మూడు కోన్ల గిటార్ తయారుచేశాడు. 1927లో అవి నేషనల్ పేరుతో వచ్చాయి. 1928లో డోపేరా బయటికొచ్చి, అన్నదమ్ములతో కలిసి ఒకే కోన్‌తో డోబ్రో మొదలుపెట్టాడు. ఇక ఆ బీచమ్ ఊరుకున్నాడా? 1931 ప్రాంతంలో అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్ తెచ్చాడు. చిన్న గుండ్రటి ఒళ్ళు, పొడుగు మెడ, అందరూ దాన్ని ఫ్రైయింగ్ పాన్ అనేవారు. చప్పుడు కోసం రేకు పెట్టించిన మనిషే, కరెంటు రాగానే రేకు అక్కర్లేని గిటార్ తెచ్చాడు. ఇప్పుడు నువ్వూ నేనూ అదే కరెంటుతో ఆ రేకుని వెతుక్కుంటున్నాం.

అసలు డోబ్రోనే కొనుక్కోవచ్చుగా అని చెల్లెమ్మ అడిగిందన్నావు. సబబైన మాటే. కానీ మన ఊరి ఫంక్షన్ హాల్ స్టేజీ ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఒకపక్క ప్యాడ్స్, వెనక డ్రమ్స్, కాళ్ళ దగ్గర మానిటర్ బాక్సులు. డోబ్రో ముందు మైకు పెట్టి వాల్యూమ్ పెంచితే, ఆ బాక్సుల మోతకి కోన్ తనంతట తానే వణికి కుయ్యిమని కూత పెడుతుంది. నిండు చెక్కకి ఆ బాధ చాలా తక్కువ. పైగా కచేరీ మొత్తం స్టీల్ వాయించి, మధ్యలో ఒక్క జానపదానికి డోబ్రో కావాలంటే పెడల్ తొక్కితే సరి. జెర్రీ డగ్లస్ అంతటి డోబ్రో విద్వాంసుడి పేరు మీదే ఫిష్‌మన్ వాళ్ళు ఆరా పెడల్ చేశారు. స్టూడియోలో మైకుతో పట్టిన డోబ్రో ధ్వనిని అది పికప్ ధ్వనితో కలుపుతుంది. కానీ అది డోబ్రోకి బిగించే పికప్ కోసం చేసింది. మన గిటార్ మీద అదే ఫలితం రాదు, డబ్బులు అక్కడ పెట్టకు.

నేనైతే గిటార్ నుంచి ముందు ఈక్వలైజర్‌లోకి, అంటే మంద్ర, తార ధ్వనుల్ని విడివిడిగా పెంచి తగ్గించే పెడల్‌లోకి వెళ్తాను. బాస్ (Boss) కంపెనీ జీఈ-7 లాంటి ఏడు స్లైడర్లది చాలు. 100 హెర్ట్జ్ స్లైడర్ బాగా దించు, 200 కొంచెం. స్టీల్ గిటార్‌కి ఉండే లావు అక్కడే ఉంది. 800, 1.6 కిలోహెర్ట్జ్ పైకి లేపు, ముక్కు గొంతు వచ్చేది అక్కడే. 3.2 ఒక్క పిసరు, వేలికి తొడిగే పిక్ తీగకి తగిలిన చప్పుడు వినపడేంత. 6.4 మాత్రం ముట్టుకోకు. దాన్ని పెంచితే తీగ మీద బార్ గీసుకునే చప్పుడూ, పెడల్స్ హిస్సూ కలిసి బయటపడతాయి. ఇంకో మాట, 800 లేపినకొద్దీ బాగున్నట్టే ఉంటుంది, ఎందుకంటే చెవి అలవాటు పడిపోతుంది. మధ్యలో ఆపి, అసలు డోబ్రో రికార్డింగ్ ఏదైనా కాసేపు విని, మళ్ళీ సర్దు.

తర్వాత అకౌస్టిక్ సిమ్యులేటర్, అంటే ఎలక్ట్రిక్ గిటార్‌ని గుల్ల చెక్క గిటార్‌లా పలికించే పెడల్. బాస్ ఏసీ-3లో స్టాండర్డ్, జంబో, ఎన్‌హాన్స్, పియెజో అని నాలుగు రకాలున్నాయి. జంబో మన పనికి రాదు. నాకు పియెజో నచ్చింది, పొడిగా ఉండి మీటిన దెబ్బని ముందుకు తెస్తుంది. ఇది మామూలు ఎలక్ట్రిక్ గిటార్ కోసం చేసిన పెడల్ కాబట్టి, నీ పికప్ గట్టిదైతే గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించి పంపు. లేకపోతే సౌండ్ చిట్లుతుంది.

ఆ రేకు గుల్లతనం కోసం ఒక చిట్కా. ధ్వనిని కాస్త ఆలస్యంగా మళ్ళీ వినిపించే డిలే పెడల్‌ని కొన్ని మిల్లీసెకన్లకి తెచ్చి, రిపీట్స్ లేకుండా, పల్చగా కలుపు. అంత చిన్న తేడాతో ఒకే ధ్వని రెండుసార్లు కలిస్తే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, కొన్ని బలపడతాయి. లోహం లోపల్నుంచి వచ్చినట్టు అనిపించేది అందుకే. రివర్బ్ (గది మోత) చిన్న గదంత పెట్టు, చాలు. కంప్రెసర్ అసలు వద్దు. తగ్గిపోతున్న నాదాన్ని అది పైకి లాగుతుంది, మనకి కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. చివర్లో గిటార్ ఆంప్ వాడకు. దాని స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, ఇంత కష్టపడి తెచ్చిన గలగలంతా అక్కడ పోతుంది. కీబోర్డ్ ఆంప్‌లోకో, డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా) పెట్టి నేరుగా మిక్సర్‌లోకో ఇవ్వు.

ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) లోడర్ గురించి కూడా అడిగావు. డోబ్రో ఒంటి ధ్వనిని పట్టిన ఫైలు అందులో వేస్తే రంగు ఇంకా సూక్ష్మంగా వస్తుంది, ఏడు స్లైడర్లకి అందని చిన్నచిన్న ఎత్తుపల్లాలు కూడా అందులో ఉంటాయి. అయితే ఆ ఫైలు ఏ రకం పికప్ కోసం చేశారో చూసుకుని తీసుకో.

ఇప్పుడు కాలు సంగతి. ఈక్వలైజర్ అయినా ఐఆర్ అయినా రంగు మారుస్తాయి కానీ తీగ ఎంతసేపు మోగాలన్నది వాటి చేతిలో లేదు. మనకేమో కుడికాలు ఎప్పుడూ వాల్యూమ్ పెడల్ మీదే. మీటిన దెబ్బని దాచేసి, నాదం సన్నబడుతుంటే మెల్లగా తొక్కి నిలబెడతాం. అలా చేసినంతసేపూ ఎన్ని పెడల్స్ పెట్టినా అది స్టీల్ గిటారే. కాలు పూర్తిగా తీసి కింద పెట్టు. దెబ్బ దెబ్బలాగే వినపడనీ, నాదాన్ని దాని మానాన చావనీ. నన్నడిగితే అన్ని పెడల్స్ కంటే ఈ ఒక్కటే ఎక్కువ తేడా తెస్తుంది. బ్రిడ్జ్‌కి దగ్గరగా, మెటల్ పిక్స్‌తో, బలంగా మీటు. బ్రిడ్జ్ దగ్గర తీగల కింద సన్నటి ఫెల్ట్ పీలిక దూర్చి చూడు, మోగడం కాస్త తగ్గుతుంది. మందంగా ఉంటే మొత్తం మూగబోతుంది, జాగ్రత్త. బార్ కూడా గుండ్రటిది పక్కన పెట్టి, రెండు పక్కలా గాడి ఉన్న స్టీవెన్స్ రకం తీసుకో. పట్టు దొరుకుతుంది, ఓపెన్ తీగ మీద టక్కున కొట్టి లేపడానికి అదే అనువు.

శ్రుతి కూడా మార్చాలి. నువ్వు సీ6 శ్రుతిలో ఉన్నావు, అంటే మంద్రం నుంచి సీ, ఈ, జీ, ఏ, సీ, ఈ. డోబ్రో వాళ్ళు మంద్రం నుంచి జీ, బీ, డీ, జీ, బీ, డీ పెడతారు. జీ షడ్జం అనుకుంటే స గ ప స గ ప, అంతర గాంధారంతో. నీ పై మూడు తీగలు ఒకటి రెండు సెమీటోన్లు (అర స్వరాలు) దిగితే సరిపోతుంది. మంద్రం వైపు మూడూ మాత్రం అయిదేసి సెమీటోన్లు దిగాలి, అంటే వేలాడిపోతాయి. ఆ మూడూ లావువి వెయ్యి. ఫాస్ఫర్ బ్రాంజ్ కొనకు, అయస్కాంతపు పికప్‌కి అవి సరిగా వినపడవు. నికెల్ చుట్టినవే తీసుకో. ఏలూరు రోడ్డులో విడి తీగలు దొరికితే నేనే పంపిస్తా.

హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే చప్పుడు) గురించి రాశావు. 800 లేపాక ఎక్కువైందన్నావు, అది సహజమే. చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ ఆర్పేసి, గిటార్ కొంచెం పక్కకి తిప్పి చూడు, ఒకే తీగచుట్ట ఉన్న (సింగిల్ కాయిల్) పికప్‌కి దిశ మారితే హమ్ మారుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రం సెట్టింగ్స్ పెట్టుకోకు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే జుయ్యిమనే చప్పుడు అన్నిట్లోకీ దూరుతుంది. ఒక్క అడాప్టర్‌కి పెడల్స్ అన్నీ వేలాడదీయకుండా విడివిడి అవుట్‌పుట్లున్న పవర్ సప్లై కొనుక్కో. సిమ్యులేటర్ కంటే ముందు కొనాల్సింది అదే.

ఇక ఏం వాయించాలి? మన చెవి చిత్రవీణ విని, హిందుస్తానీ విద్వాంసుడు బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ విని పెరిగింది. జారు, గమకం, దీర్ఘంగా నిలిచే స్వరం, వీటికోసం వెతుక్కుంటుంది. ఆ రాగాలాపన ఈ సౌండ్‌తో చెయ్యకు, స్వరం సగంలోనే తెగిపోయి కష్టంగా ఉంటుంది. దానికి పెడల్స్ ఆపేసి మామూలు స్టీల్‌తోనే వెళ్ళు. నడక చురుగ్గా ఉన్న జానపదం తీసుకుని, ఓపెన్ తీగల మీద గబగబా వాయించు. ఒక స్వరం చచ్చేలోపు ఇంకోటి రావాలి. అక్కడ ఈ సౌండ్ ఎంత సరదాగా ఉంటుందో నువ్వే చూస్తావు.

ముందు పెడల్స్ ఏవీ లేకుండా, వాల్యూమ్ పెడల్ తీసేసి ఒక్క పాట ఫోన్లో రికార్డు చేసి పంపు. నీ పికప్ ఎలా పలుకుతోందో విన్నాకే జీఈ-7 కొనాలా, నా దగ్గరున్నది కొన్నాళ్ళు వాడుకుంటావా అన్నది చెప్తా. పాత తీగలు పారేయకు, సీ6కి మళ్ళీ కావాలి. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
విజయవాడ బావ