మంత్రి గారూ, పాఠాలు నెట్‌లో ఉన్నాయి, అక్షరాలే లేవు

విద్యాశాఖ, ఐటీ శాఖల మంత్రి గారికి, నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండు శాఖలూ ఇప్పుడు మీ ఒక్కరి దగ్గరే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఇంకెవరికైనా రాస్తే విద్యాశాఖ వాళ్ళు ఇది టెక్నికల్ విషయం, ఐటీ వాళ్ళని అడగమంటారు, ఐటీ వాళ్ళు కంటెంట్ మాది కాదంటారు, ఈలోగా విద్యాసంవత్సరం అయిపోతుంది.

నేను విజయవాడలో డీటీపీ పని చేసుకుని బతికినవాణ్ణి. పెళ్ళి కార్డులు, క్వశ్చన్ బ్యాంకులు, గైడ్లు, ఎన్నికలప్పుడు అన్ని పార్టీల కరపత్రాలూ చేశాం (ఆ బాకీల సంగతి ఇక్కడ వద్దులెండి). అంటే తెలుగు అక్షరం కంప్యూటర్లోకి ఎలా ఎక్కుతుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో కొంత తెలిసినవాణ్ణి. ఆన్‌లైన్ చదువుల గురించి అందరూ ఫోన్లు, ట్యాబులు, సిగ్నల్ గురించి మాట్లాడుతున్నారు గానీ ఈ ఇరుక్కున్న చోటు గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

మీరే ఒకసారి చూడండి. ఫోన్ తీసి తెలుగులో ‘కిరణజన్య సంయోగక్రియ’ అని కొట్టండి. వికీపీడియా వస్తుంది, కోచింగ్ వాళ్ళ వీడియోలు వస్తాయి, గైడ్ల సైట్లు వస్తాయి. రాష్ట్రం తన డబ్బుతో రాయించి, అచ్చు వేయించి, లక్షల మంది పిల్లల సంచుల్లో పెట్టిన పుస్తకంలోని పాఠం మాత్రం నాకు ఎప్పుడూ పైన కనబడలేదు. ఆ పుస్తకం నెట్‌లో లేక కాదు, పీడీఎఫ్ ఉంది. కానీ అందులోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే చాలాసార్లు తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన ఏదో గందరగోళం వస్తుంది.

ఇది ఎందుకు జరుగుతుందో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. మేము పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో పని చేసేవాళ్ళం. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చుంటాయి. ఫాంటులో ఉన్న గదులు రెండు వందల చిల్లర, మన గుణింతాలూ ఒత్తులూ వేలల్లో, అందుకని తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరుగా ముక్కలు చేసి, ముక్కల్ని అతికించి అక్షరం తయారుచేసేవాళ్ళం. కంటికి చక్కటి తెలుగే, కాగితం మీద ముత్యాల్లా ఉంటుంది. కంప్యూటర్‌కి మాత్రం అది తెలుగని తెలియదు. అచ్చు పనికి అది చాలు, ఎందుకంటే కాగితాన్ని ఎవరూ సెర్చ్ చెయ్యరు.

దీనికి విరుగుడు యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ దాని సొంత గది ఇచ్చే ప్రపంచ ప్రమాణం. అందులో తెలుగు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడా వచ్చింది. మరి మేం ఎందుకు మారలేదు అంటే, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు రాదు, దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌కేమో 2012లో సీఎస్6 అనే వెర్షన్ వచ్చేదాకా మన ఒత్తులు సరిగ్గా కూర్చోలేదు. అప్పటికి ప్రెస్సులన్నీ అనుకి అలవాటు పడిపోయాయి, ఆపరేటర్ల వేళ్ళు అందులోని ‘ఆపిల్’ అనే కీబోర్డు లేఅవుట్‌కి అలవాటు పడిపోయాయి, పేజీకి ఇంత అని రేటు మాట్లాడుకునే చోట కొత్త లేఅవుట్ నేర్చుకునే తీరిక ఎవడికి ఉంటుంది? కాబట్టి దీనికి ఏ ఒక్కరినీ తిట్టనక్కర్లేదు. కాకపోతే 2012 నుంచి ఇప్పటిదాకా కూడా అదే బండి లాగుతూ ఉండటానికి కారణం ఏంటంటే, పని ఇచ్చే ప్రభుత్వం ఏనాడూ ‘మాకు యూనికోడ్‌లో కూడా ఇవ్వండి’ అని గట్టిగా అడగకపోవడమే.

విచిత్రం ఏంటంటే ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వమే పూనుకుని మంచి యూనికోడ్ ఫాంట్లు చేయించి ఉచితంగా విడుదల చేసింది. మండలి, గిడుగు, రామరాజ, మల్లన్న, ఎన్టీఆర్, ఇంకా చాలా. పొన్నాల పేరుతో కూడా ఒకటి ఉంది, ఆయన అప్పటి ఐటీ మంత్రి. (మీ పేరు మీద ఒక ఫాంటు రావాలని మీకు ఉంటే నాకేం అభ్యంతరం లేదు, ముందు ఈ పని చెయ్యండి.) అంటే సరంజామా అంతా మనమే చేసిపెట్టుకుని మన పాఠ్యపుస్తకాలకే వాడుకోలేదు.

దీనివల్ల నష్టం ఎవరికి? కొన్నేళ్ళ క్రితం మా షాపుకి చూపులేని ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, తెలుగు గొంతు కూడా ఉంది. వాళ్ళ తెలుగు మీడియం పుస్తకం పీడీఎఫ్ పెడితే అది ఒక్క ముక్క అర్థమయ్యేలా చదవలేదు, ఎలా చదువుతుంది, అందులో ఉన్నది తెలుగు కాదు కదా. సంబంధించిన ఆఫీసుకి వెళ్ళి అడిగితే ‘పీడీఎఫ్ సైట్లో పెట్టేశాం కదా బాబూ’ అన్నారట. ఆ పుస్తకాన్ని మేం పాత ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు తప్పిన చోటల్లా దిద్ది, అధ్యాయాలవారీగా ఇచ్చాం. భోజనం ఫొటో చూపించి వడ్డించేశాం అన్నట్టుంది ఆ ఆఫీసు వాళ్ళ మాట. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం చదువు వాళ్ళకి అందే రూపంలో ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత, దయ కాదు.

చూపున్న పిల్లలకి కూడా ఏమంత సుఖం లేదు. పెద్ద కాగితానికి కట్టిన పేజీని అరచేతి ఫోన్లో చదవాలంటే వేళ్ళతో పెద్దది చేసి, పక్కకి జరిపి, మళ్ళీ వెనక్కి జరిపి, ఈ లోపు వాక్యం మర్చిపోతారు. పీడీఎఫ్ డౌన్‌లోడ్ చెయ్యాలంటే పదుల ఎంబీలు. అదే పుస్తకం అక్షరాలుగా ఉంటే, బొమ్మలు పక్కన పెడితే, యూనికోడ్‌లో తెలుగు అక్షరం మూడు బైట్లు అనుకున్నా మొత్తం పుస్తకం ఒక ఎంబీకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. పాడేరు అవతల సిగ్నల్ అందీ అందని ఊళ్ళో కూడా దిగుతుంది. ఫైబర్‌నెట్ కేబుల్ ప్రతి గూడేనికీ వేసేదాకా ఆగక్కర్లేదు.

ఇక ఏఐ సంగతి. పిల్లలు ఇప్పుడు సందేహం వస్తే మాస్టారిని అడిగే ముందు ఫోన్లో ఏఐని అడుగుతున్నారు, మనం వద్దన్నా అడుగుతారు. అది తెలుగులో జవాబు ఇస్తుంది, కానీ చాలాసార్లు ఆ తెలుగు మన పుస్తకాల తెలుగులా ఉండదు, పారిభాషిక పదాలు ఒక్కోసారి ఒక్కో రకంగా వస్తాయి. అది నేర్చుకునేది నెట్‌లో దొరికిన అక్షరాల నుంచే, మన దగ్గరున్న మంచి తెలుగు పాఠాలేమో పాత ఫాంట్లలో తాళం వేసి ఉన్నాయి. విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోంది, చాలా సంతోషం. డేటా సెంటర్ వస్తోంది సరే, అందులో తెలుగు డేటా ఏది సార్? 2020 తర్వాత మన రాష్ట్రంలో ఎదురెదురు పేజీల్లో ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు వేసి పుస్తకాలు అచ్చేశారు. అదే పాఠం రెండు భాషల్లో, పక్కపక్కన, సబ్జెక్టు తెలిసిన వాళ్ళు రాసింది. అనువాద సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళని అడగండి ఇలాంటి సరుకు దొరికితే ఎంత విలువో. అది మన చేతిలో ఉంది, వాడకానికి పనికిరాని రూపంలో ఉంది.

మీరు అనొచ్చు, ప్రభుత్వాలు ఆన్‌లైన్ చదువు కోసం చాలా చేశాయి కదా అని. చేశాయి. 2020లో బడులు మూతపడినప్పుడు సప్తగిరి చానల్లో పాఠాలు వచ్చాయి, తెలంగాణలో టీ-శాట్ చానళ్ళున్నాయి, కేంద్రం 2017లో దీక్ష, స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలు రెండూ మొదలుపెట్టింది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు పెట్టారు. 2022 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచింది, 2024 జూలైకల్లా ఆ కంపెనీ దివాలా కేసులో పడింది. మంచో చెడో ఆ పథకం గురించి ఇప్పుడు వాదించను. నాకు అర్థమైనది ఇంతే, పాఠం ఒక కంపెనీ యాప్‌లోనో, ఒక ట్యాబులోనో ఉంటే ఆ కంపెనీ ఉన్నంతకాలమే, ఆ ట్యాబు బ్యాటరీ ఉన్నంతకాలమే. ఉట్టి అక్షరాలుగా, ఎవరైనా దించుకునేలా ఉంటే ఏ కంపెనీ మూతపడినా, ఏ ప్రభుత్వం మారినా అది పోదు. యాప్‌ల మీద మన వాళ్ళకి ఉన్న మోజులో పదోవంతు ఈ పని మీద ఉంటే చాలు.

తోటి దక్షిణాది రాష్ట్రాల్ని చూసినా తెలుస్తుంది. కేరళలో కైట్ అనే సంస్థ బడుల్లో కంప్యూటర్లన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుపుతోంది, స్కూల్‌వికీ అని ఒకటి పెట్టి 15 వేలకి పైగా బడుల గురించి మలయాళంలో రాయించింది, పిల్లలు యూనికోడ్‌లో టైపు చేస్తారు. మైసూరు విశ్వవిద్యాలయం 2014లో కన్నడ విశ్వకోశాన్ని స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. మన దగ్గర 1968లో తెలుగు అకాడమి పెట్టుకున్నాం, ఇంటర్, డిగ్రీ స్థాయి సబ్జెక్టులకి తెలుగులో పుస్తకాలు రాయించాం, వాటిలో ఎన్నో ఇప్పుడు పాత పుస్తకాల షాపుల్లో తప్ప దొరకవు, దొరికితే గ్రూప్స్‌కి చదివేవాళ్ళు జిరాక్సులు తీయించుకుంటారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసాలు లక్ష దాటాయి, అదంతా జీతం లేని మనుషులు రాసింది. జీతాలున్న శాఖలు తమ పుస్తకాల్ని అక్షరాలుగా కూడా ఇవ్వలేకపోతున్నాయి.

లైసెన్సు గురించి ఒక మాట. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ రచనల మీద ప్రభుత్వానికి 60 ఏళ్ళ హక్కు ఉంది. అంటే ప్రజల డబ్బుతో రాయించిన ఏడో తరగతి సైన్సు పాఠాన్ని ఒక టీచరమ్మ తన పిల్లల కోసం మార్చి నెట్‌లో పెట్టుకోవాలన్నా అనుమతి ఉందో లేదో తెలియదు. గైడ్లు వేసేవాళ్ళు ఎటూ వేస్తూనే ఉంటారు, వాళ్ళు ఎవరినీ అడగరు, భయపడేది ఆ టీచరమ్మే. ఎన్‌సీఈఆర్‌టీ 2013లోనే తన వనరుల భాండారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పేరు చెప్పి, మార్చినదాన్ని కూడా అదే షరతుతో పెడితే చాలు అనే లైసెన్సుతో పెట్టింది. కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు, ఒక జీవో చాలు.

జీవో అంటే గుర్తొచ్చింది. 2021 ఆగస్టులో జీవోలు సైట్లో పెట్టడం ఆపేశారు, 2024లో మీ ప్రభుత్వం వచ్చాక మళ్ళీ పెడుతున్నారు, అది మంచి పని, ఒప్పుకుంటాను. 2025 జనవరిలో 161 సేవలతో మన మిత్ర పెట్టారు, హాల్‌టికెట్ వాట్సాప్‌లో వచ్చేస్తోంది, ఇంటర్ పిల్లలకి ఒక టెన్షన్ తగ్గింది. కానీ ఉత్తర్వులూ సర్క్యులర్లూ ఇప్పటికీ చాలావరకు సంతకం పెట్టి, స్కాన్ చేసి, వంకరగా ఎక్కించిన కాగితాలే. ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి ఏం చెప్పారో వెతుక్కోవాలంటే ఒక్కొక్కటీ తెరిచి చదవాలి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అడగకముందే, స్థానిక భాషలో, అందుబాటులో ఉంచమంటోంది. ఒరిజినల్ ఎలాగూ కంప్యూటర్‌లోనే టైపు చేస్తారు కదా, ఆ ఫైలే పెట్టండి, సంతకం కాపీ కావాలంటే పక్కన పెట్టండి.

ఇప్పుడు అసలు అడగదలచుకున్నది. పాఠ్యపుస్తకాల టెండర్‌లో ఒక షరతు చేర్చండి, అచ్చు పీడీఎఫ్‌తో పాటు ఒరిజినల్ ఫైలూ, యూనికోడ్ టెక్స్టూ ఇస్తేనే బిల్లు పాస్ అవుతుంది అని. మా వాళ్ళ సంగతి నాకు తెలుసు, బిల్లుతో ముడి పెడితే నెలలో అందరూ నేర్చుకుంటారు. పాత పుస్తకాలకి కన్వర్టర్లున్నాయి, కొన్ని ఉచితమే, కానీ యంత్రం మార్చినదాన్ని అలాగే ఎక్కించేయకండి, ఒత్తులు జారిపోతాయి, సున్నాలు ఎగిరిపోతాయి, లెక్కల పుస్తకాల్లో భిన్నాలు చిందరవందర అవుతాయి, మనిషి కూర్చుని దిద్దాల్సిందే. బొమ్మల కింద అందులో ఏముందో రెండు వాక్యాలు రాయించండి, చూపులేని పిల్లలకి అదే బొమ్మ. పెట్టిన చిరునామా మార్చకండి, ప్రభుత్వం మారినప్పుడల్లా సైటు పేరూ రంగూ మారి పాత లింకులన్నీ చచ్చిపోవడం ఇకనైనా ఆగాలి. మొత్తం ఫైళ్ళ కాపీ ఒకటి ప్రతి జిల్లా గ్రంథాలయానికీ ఇవ్వండి, ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం, పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే అక్కడే ఉంటారు.

అన్నీ ఒకేసారి అంటే కమిటీ వేస్తారు, కమిటీ వేస్తే పని అయినట్టే. అందుకని పదో తరగతి సైన్సులో ‘జీవక్రియలు’ పాఠం ఒక్కటి తీసుకోండి, రెండు భాషల్లో, ఫోన్లో చదవగలిగేలా, సెర్చ్‌లో దొరికేలా పెట్టించండి. ఎన్ని రోజులు పట్టిందో, పేజీకి ఎంత అయిందో లెక్క రాయించి, ఆ లెక్కతో మిగతా పుస్తకాలకి పోండి. ప్రూఫులు దిద్దడానికి నాలాంటి పాత డీటీపీ వాళ్ళు విజయవాడలోనే కావలసినంత మంది ఉన్నాం, చాలామందికి ఇప్పుడు పని కూడా లేదు. పిలిస్తే వస్తాం. ఊరికే మాత్రం కాదు, పేజీకి మార్కెట్ రేటు ఇప్పించండి, అదీ సకాలంలో.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక పాత డీటీపీ ఆపరేటర్