మందు ఇచ్చే ముందు నాలుగు మాటలు చెప్పండి

సంపాదకులకు,

మిర్చి తొడిమలు తీసేవారికి పొద్దుగూకేసరికి చేతులు మండడం గుంటూరులో కొత్త సంగతి కాదు. మా వీధిలోని ఒకావిడకు మాత్రం ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మండడం మానేశాయి. అదృష్టవంతురాలివని తోటి కూలీలు నవ్వారట కూడా. కుష్ఠు వ్యాధి వల్ల మోచేతి నరం దెబ్బతిన్నదని పరీక్షలో తేలింది. పన్నెండు నెలల బహుళ ఔషధ చికిత్స (కొన్ని మందులు కలిపి ఇచ్చేది) మొదలైంది, నాలుగో నెలలో ఆగిపోయింది.

మందు దొరకక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1995 నుంచి దీన్ని ఉచితంగానే సమకూరుస్తోంది. తొలి మోతాదు వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా రావడంతో రక్తమనుకొని ఆవిడ హడలిపోయారు. అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు. తర్వాత వాటిలోనే మరొకటైన క్లోఫాజిమిన్ వల్ల ముఖం నల్లబడుతుంటే, ఇరుగుపొరుగు అడిగేదానికి జవాబు చెప్పలేక మందు మానేశారు. చికిత్స ముగిశాక కొన్ని నెలల్లో ఆ నలుపు క్రమంగా తగ్గుతుందని ముందుగా ఎవరూ చెప్పలేదు.

కుష్ఠుకు డాప్సోన్ అనే మందు ఒక్కటే ఏళ్ల తరబడి వాడిన రోజుల్లో క్రిములు దానికి లొంగకుండా తయారైనందువల్లనే, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం మందులను కలిపి ఇవ్వాలని సూచించింది. ఒకదానికి లొంగని క్రిమిని మరొకటి చంపుతుంది. నెలకొకసారి సిబ్బంది ఎదుట మింగే 600 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్‌తో పాటు, రోజూ ఇంట్లో వేసుకోవలసిన బిళ్లలు కూడా 28 రోజుల అట్టలో ఉండేది అందుకే.

చికిత్స నడుస్తుండగా మచ్చలు ఎర్రగా ఉబ్బి, నరాలు పోటు పెడితే, మనవాళ్లు ‘మందు పడలేదు’ అని తేల్చేస్తారు. నిజానికి అది క్రిములపై శరీరం చూపే ప్రతిచర్య. అప్పుడు బిళ్లలు ఆపకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళితే, ప్రెడ్నిసోలోన్ వంటి మందుతో నరాన్ని కాపాడే వీలుంటుంది. ఆలస్యమైతే వేళ్లు వంకర తిరిగిపోవచ్చు.

2005 డిసెంబరు నాటికి పది వేల మందికి ఒకరికన్నా తక్కువ స్థాయికి వ్యాధి తగ్గిందని దేశం ప్రకటించుకున్నాక శ్రద్ధ సడలిందని నా అభిప్రాయం. ప్రపంచంలో కొత్తగా బయటపడే రోగులలో సగానికి పైగా ఇప్పటికీ మనవారే. కనుక తొలి అట్ట చేతికిచ్చే రోజునే ఈ ఎరుపు, నలుపు, వాపుల సంగతి రోగికీ ఇంట్లో మరొకరికీ విడమరచి చెప్పాలని, అదే విషయం పెద్ద అక్షరాల తెలుగులో ముద్రించిన కాగితం అట్టతోపాటు ఇవ్వాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు