ఆడపిల్లల రేసుకారు నిధి: 2024–25 జమా ఖర్చులు

నిధికి డబ్బు పంపిన పూర్వ విద్యార్థులందరికీ నమస్కారం. 2024 జులై 1 నుంచి 2025 మార్చి 31 వరకు లెక్క ఇది. రసీదులు మెకానికల్ బ్రాంచి ఆఫీసు బీరువాలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ: పాత నిల్వ రూ. 11,340. మీలో 63 మంది పంపినది 2,46,500. ఊళ్లో స్పేర్‌పార్ట్స్ కొట్ల వాళ్లు ఇచ్చింది 18,000. బ్యాంకు వడ్డీ 1,262. మొత్తం 2,77,102.

ఖర్చుల్లో అందరూ అడుగుతున్నది ఆటోల పద్దు, కాబట్టి ముందు అదే. 74 రాత్రులు, రాత్రికి 260 చొప్పున 19,240. షెడ్డులో తోడున్న ఆయమ్మకు రోజుకు 350 చొప్పున 25,900. రెండూ కలిపి 45,140. "రేసుకారుకని ఇస్తే ఆటోలకు పోశారేంటి?" అని ఒక పెద్దాయన వాట్సాప్‌లో గట్టిగానే అడిగారు. సబబైన ప్రశ్నే. కానీ ఫార్ములా స్టూడెంట్ కారు, అంటే కాలేజీ పిల్లలే తయారుచేసి పోటీకి తెచ్చే రేసుకారు, పగలు తయారవదు. పగలు క్లాసులు. ఛాసిస్ (కారు చట్రం) వెల్డింగ్, ఇంజన్ బిగింపు, వైరింగ్ అన్నీ చీకటి పడ్డాకే. ఆడపిల్లల హాస్టల్ గేటు ఏడున్నరకు పడుతుంది. మగపిల్లలు చట్రం పైపుల్ని కదలకుండా పట్టే జిగ్ మీద పెట్టి ట్యాక్ (చిన్న అతుకులు) వేసే వేళకు వీళ్లు మెస్సులో ఉండేవాళ్లు. పొద్దున వచ్చేసరికి మిగిలేది స్పాన్సర్లకు ఉత్తరాలు, కాస్ట్ రిపోర్టు (కారు ఖర్చు లెక్క) టైపింగ్. నాలుగేళ్లయ్యాక ఇంటర్వ్యూలో "చేత్తో ఏం చేశావమ్మా?" అంటే చెప్పడానికేం ఉంటుంది? రాత్రి వీళ్లను షెడ్డుకు వదలడానికి వార్డెన్ గారు రెండే అడిగారు: తోడుకో మనిషి, తిరిగి రావడానికో బండి. ఆ రెండిటికే ఈ డబ్బు.

ఫ్రాన్స్‌లో రాత్రంతా సాగే లె మాన్స్ 24 గంటల రేసులో, 2011లో, ఆడి కంపెనీ 2వ నంబరు కారుకు రేస్ ఇంజనీరు (రేసు నడుస్తుండగా కారు సంగతి చూసుకునే ఇంజనీరు) లీనా గేడ్, భారతీయ మూలాలున్న బ్రిటిష్ మహిళ. తెల్లారేలోపే మిగతా రెండు ఆడిలూ ప్రమాదాల్లో పోయాయి. ఆమె కారు 13.854 సెకన్ల తేడాతో గెలిచింది. ఆ రాత్రి ఆమెను ఏడున్నరకు ఎవరూ లోపలికి పిలవలేదు లెండి.

డ్రైవర్ సూట్లు రెండు, హెల్మెట్, గ్లౌజులు, బూట్లు: 58,600. ఇది ఎక్కువే. దొరికే సూట్లు మగవాళ్ల కొలతలవి, భుజాల దగ్గర వదులు, నడుము కింద బిగుతు. పోటీకి ముందు తనిఖీలో ఆ సూటుతోనే అయిదు సెకన్లలో కారు దిగి చూపించాలి. టైలరుతో సరిచేయిద్దామంటే, మామూలు దారం నిప్పుకు నిలవదు, తనిఖీలో ఒప్పుకోరు. కొలతలిచ్చి కుట్టించాం.

ముగ్గురికి టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే వెల్డింగ్) శిక్షణ 27,000. ఆర్గాన్, అతుకులో కరిగించే ఫిల్లర్ రాడ్లు 8,450.

ఫార్ములా భారత్ (ఈ విద్యార్థి కార్ల పోటీ) కోసం కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే రేసు ట్రాక్‌కి ప్రయాణం: కారుకు మినీ లారీ 46,000, పదకొండు మందికి రైలు 14,960, లాడ్జి 21,800, భోజనాలు 9,300. మొత్తం 92,060. ఎంట్రీ ఫీజు కాలేజీయే కట్టింది.

బ్రేక్ మాస్టర్ సిలిండర్లు (కాలి నొక్కును బ్రేకు ద్రవంలో ప్రెషర్‌గా మార్చేవి) రెండు: 6,200. ఇందులో ఒకటి దండగ, తప్పు కోశాధికారిది, అంటే నాది. 5/8 అంగుళం బోరు (లోపలి వ్యాసం) ఉన్నది తెమ్మంటే ముప్పావు అంగుళంది తెచ్చాను. బోరు పెరిగితే అదే కాలి నొక్కుకు ప్రెషర్ తగ్గుతుంది. బ్రేక్ పరీక్షలో నాలుగు చక్రాలూ ఒకేసారి లాక్ అయితేనే ట్రాక్ మీదికి వదులుతారు, మొదటి రోజు వెనకవి అవలేదు. మూడో ఏడాది అమ్మాయి రాత్రికి రాత్రే సిలిండర్ మార్చి, బ్లీడ్ చేసి (బ్రేకు గొట్టాల్లో గాలి తీసేసి), మర్నాడు పాస్ చేయించింది. నన్ను ఒక్క మాట అనలేదు.

అచ్చు, బ్యాంకు చార్జీలు 1,735.

ఖర్చు మొత్తం 2,39,185. నిల్వ 37,917.

జట్టులో ఒకమ్మాయికి వేరే ఊళ్లో ఒక రేసింగ్ టీములో మూడు నెలల డేటా పని దొరికింది. జీతం ఇవ్వరు. గది అద్దెకు నిల్వలోంచి 18,000 ఇద్దామని కమిటీలో నలుగురు, వద్దని ఇద్దరు. వద్దన్నవాళ్ల మాట: నిధి కారుకి, మనిషికి కాదు. మీ అభిప్రాయం ఈ నెలాఖరులోగా తెలపండి. అప్పటిదాకా ఆ డబ్బు ముట్టుకోము.